సంచీ వైద్యం

మా అత్తగారి ఒంటిని నలుగురు డాక్టర్లు పంచుకున్నారు. గుండె ఒకరిది, కిడ్నీలు ఒకరివి, షుగరు ఒకరిది, మోకాళ్ళు మరొకరివి. అందరూ ఒకే ఆస్పత్రిలో కూర్చుంటారు. అయినా ఒకరు రాసిన చీటీ ఇంకొకరు చూడరు. మోకాళ్ళ డాక్టరు నొప్పి మాత్రలు రాశాడు. నెల తిరక్కుండా కిడ్నీ డాక్టరు నా మీద కళ్ళెర్రజేశాడు, "ఇవి కిడ్నీలకి చేటని తెలీదా? ఎందుకు వేశారమ్మా?" అని.

బి.ఏ.లో నేను చదివింది తెలుగు సాహిత్యం మహాప్రభో! రాసినాయన పై అంతస్తులో చల్లగా ఉన్నాడు. చివాట్లు మాత్రం చీటీల సంచీ మోసేదానికి.

ఆస్పత్రి గోడ మీద "సమగ్ర వైద్యం" అని పెద్ద అక్షరాలతో రాసుంటుంది. ఆ సమగ్రత ఉన్నది నా భుజాన వేలాడే ఈ గుడ్డసంచీలోనే.

పోనీ, డబ్బు కట్టేవాళ్ళయినా ఈ నలుగురినీ కలుపుతారా? బీమా కంపెనీకి రోగి అంటే మంచమెక్కినవాడే. క్యాష్‌లెస్ అనుమతి గంటలోగా, డిశ్చార్జి అనుమతి మూడు గంటల్లోగా ఇవ్వాలని బీమా నియంత్రణ సంస్థ 2024లో ఆదేశించింది. సంతోషం. మరి ఇంటికొచ్చాక ఏ మాత్ర మానాలో, ఏది వేసుకోవాలో చెప్పడానికి ఎవరికీ గడువు పెట్టలేదేం?

2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ పేదవాడికి కార్పొరేట్ ఆస్పత్రి తలుపు తెరిచింది. ఆ మేలు కాదంటే కళ్ళు పోతాయి. 2023లో దాని పరిమితి తెలంగాణలో 10 లక్షలకీ, ఆంధ్రలో 25 లక్షలకీ పెంచారు. కానీ గుండె కోయడానికి లక్షలిచ్చే పథకం, ఆ గుండె చెడకుండా కాపాడే బి.పి. బిళ్ళని మాత్రం తన లెక్కలోకి రానివ్వలేదు. ఇల్లంటుకున్నాక నీళ్ళు మోసేవాడికే కూలి. నిప్పు ఆర్పి పడుకోమని చెప్పేవాడికి కానీ లేదు!

2021లో దేశమంతటికీ 14 అంకెల ఆరోగ్య సంఖ్య తెచ్చారు. అంకెలు కాగితాలని కలుపుతాయేమో గాని, డాక్టర్లని కూచోబెట్టి మాట్లాడించవు కదా.

నేనడిగేది ఒక్కటే. "ఈవిడ మందులన్నీ నేను చూశాను" అని ఒక్క డాక్టరు సంతకం పెట్టాలి. ఆ సంతకానికి బీమావారూ, ప్రభుత్వమూ డబ్బు కట్టాలి. మంచానికే డబ్బు కడితే అందరూ మంచాన్నే చూస్తారు, మనిషిని చూడరు.

అందాకా సంచీలు మనమే మోద్దాం, తప్పుతుందా! కానీ ఈసారి ఎవరైనా "ఎందుకు వేశారమ్మా?" అంటే తల దించుకోకండి. చీటీ తీసి, "మీ పై అంతస్తాయన్ని అడగండి" అనండి.