42 కొండలు, 24 గంటలు

పిల్లలూ! పరుగుపందెం అనగానే మీకు బడిలో ఆటల రోజు జ్ఞాపకం వస్తుంది. చదునైన మైదానం, సున్నపు గీతలు, ఈల ఊదే డ్రిల్లు మాస్టారు! ఈ నెల మనం చెప్పుకోబోయే పరుగులో ఇవేవీ లేవు. చప్పట్లు కొట్టే జనం లేరు. ఉన్నవల్లా 42 కొండలూ, 24 గంటల కాలమూను.

ఇంగ్లండు దేశపు వాయవ్య మూలన లేక్ డిస్ట్రిక్ట్ అనే ప్రాంతం ఉన్నది. అంటే సరస్సుల సీమ అన్నమాట. పూర్వం మంచుయుగంలో పెద్ద పెద్ద మంచునదులు ఈ కొండల మధ్య మెల్లగా జారుతూ లోయలను దోనెల్లాగా తొలిచివేశాయి. మంచు కరిగిపోయాక ఆ లోయలలో నీరు నిలిచి, పొడుగాటి సరస్సులు ఏర్పడ్డాయి. వాటిలో వాస్ట్‌వాటర్ లోతు 79 మీటర్లు. ఇంగ్లండులో అంతకంటె లోతైన సరస్సు లేదు. ఆ దేశంలోకెల్లా ఎత్తయిన శిఖరం స్కాఫెల్ పైక్ కూడా అక్కడికి దగ్గరలోనే ఉన్నది. దాని ఎత్తు 978 మీటర్లు.

ఈ సీమలో కెజిక్ అనే చిన్న ఊరున్నది. అక్కడ బాబ్ గ్రాహం అనే ఆయన యాత్రికులకు బస ఇచ్చే ఇల్లు నడిపేవాడు. అప్పటికి ఆయనకు నలభై దాటాయి. 1932 జూన్‌లో ఆయన ఊరి నడుమ ఉన్న మూట్ హాల్ అనే కట్టడం దగ్గర బయలుదేరాడు. కాళ్ళకు టెన్నిసు బూట్లు; తిండికి రొట్టె, గుడ్లు, పళ్ళు, మిఠాయి. కొండ తరువాత కొండ ఎక్కి దిగి, 42 శిఖరాలు చుట్టి, 23 గంటల 39 నిమిషాలకు మళ్ళీ మూట్ హాల్ చేరుకున్నాడు!

ఈ చుట్టు పొడుగు సుమారు 106 కిలోమీటర్లు. ఎక్కిన ఎత్తులన్నీ కలిపితే దాదాపు 8,200 మీటర్లు. ఎవరెస్టు శిఖరం సముద్రమట్టానికి 8,849 మీటర్ల ఎత్తున ఉన్నదని మీరు చదువుకున్నారు గదా! పోల్చి చూసుకోండి.

మరి అన్ని కొండలనూ ఆయన పరుగెత్తుతూనే ఎక్కాడా అని మీరు అడగవచ్చు. కాదు. నిటారుగా ఉన్న చోట ఎంతటి పరుగువీరుడైనా నడుస్తాడు. బాగా ఏటవాలుగా ఉన్న దారిలో, ఒకే వేగంతో పోయేటప్పుడు, పరుగుకంటె నడకకే తక్కువ శక్తి ఖర్చవుతుంది. అందుకని చేతులతో మోకాళ్ళు అదిమిపట్టి, చిన్న చిన్న అడుగులు వేస్తూ ఎక్కుతారు. పరుగంతా చదునులోనూ, దిగేటప్పుడూను.

దిగడం తేలిక అనుకునేరు సుమా! కొండమీది గుడికి మెట్లెక్కి దిగివచ్చిన మర్నాడు తొడలు పట్టేసి, మీ అమ్మానాన్నలు కూర్చోలేక లేవలేక అవస్థపడటం మీరు చూసే ఉంటారు. ఎక్కేటప్పుడు తొడ కండరం కుంచించుకుంటూ పనిచేస్తుంది. దిగేటప్పుడు ఒంటి బరువుకు బ్రేకు వేస్తూ, ఒకవంక సాగుతూనే బిగబట్టవలసి వస్తుంది. అప్పుడు కండరంలోని సన్నని పోగులు దెబ్బతింటాయి. ఆ నొప్పి వెంటనే తెలియదు. ఒకటి రెండు రోజులకు బయటపడుతుంది. అలవాటు చేసుకున్న కొద్దీ కండరం తట్టుకుంటుంది. కనుక ఎక్కడం ఆయాసానికి పరీక్ష అయితే, దిగడం కాళ్ళకూ కళ్ళకూ పరీక్ష.

ఇక ఆ సరస్సులు చూడటానికి అందంగా ఉండటమే కాదు, దారి కూడా చూపుతాయి. హెల్వెలిన్ శిఖరం మీద నిలబడితే పడమట థర్ల్‌మియర్, తూర్పున అల్స్‌వాటర్ సరస్సులు కనబడతాయి. వాటిని బట్టి తానెక్కడ ఉన్నదీ మనిషి పోల్చుకోగలడు. కాని కొండమీదికి మబ్బు దిగిందంటే, సరస్సులు సరే, పది అడుగుల అవతలి రాయి కూడా కనబడదు. అప్పుడు దిక్కు పటమూ దిక్సూచీ. వాటిని చదవగల తెలివీ.

బాబ్ గ్రాహం చేసిన పని 28 ఏళ్ళ దాకా మరెవరూ చేయలేకపోయారు. ఇది నిజంగా సాధ్యమేనా అని సందేహించినవారూ ఉన్నారు. చివరకు 1960లో ఆలన్ హీటన్ అనే ఆయన అదే చుట్టును 24 గంటల లోపలే పూర్తిచేసి ఆ సందేహం తీర్చాడు. 1977లో జీన్ డాస్ అనే ఆమె స్త్రీలలో మొదటగా ఈ ఘనత సాధించింది. 2018లో స్పెయిన్ దేశస్థుడు కిలియన్ జోర్నె 12 గంటల 52 నిమిషాలలోనే ముగించాడు!

ఈ చుట్టు పూర్తిచేసినవారికి 1971లో ఒక సంఘం ఏర్పడింది. అందులో చేరాలంటే ఒక చక్కని నియమం ఉన్నది. ప్రతి శిఖరం మీదా పక్కన ఒక తోడు ఉండి తీరాలి. ఆ తోడే సాక్షి. కొండకొనన తీర్పరి ఉండడు గదా! అంతేకాదు. అలసినవాడికి తన అలసట తెలియదు. మాట తడబడుతున్నా, చలికి ఒళ్ళు వణుకుతున్నా, "ఇంకొక్క కొండ" అంటూనే ఉంటాడు. "చాలు, దిగిపోదాం" అని చెప్పేవాడు పక్కన ఉండాలి. ఆ మాట విని వెనుదిరిగినవాడు ఓడిపోయినట్టు కాదు. కొండ ఎక్కడికీ పోదు. మరొకనాడు మళ్ళీ రావచ్చు.

మీరూ ఒక చిన్న పరీక్ష చేసి చూడండి. ఇంట్లో పెద్దవాళ్ళను తోడు తీసుకుని, ఒక మేడ మెట్లు మామూలుగా నడిచి ఎక్కండి. పైకి చేరగానే మణికట్టు దగ్గర నాడి పట్టుకుని, అర నిమిషంలో ఎన్నిసార్లు కొట్టుకున్నదో లెక్కపెట్టండి. కాసేపు కూర్చుని, ఆయాసం తీరాక కిందికి దిగి, అక్కడా అలాగే లెక్కపెట్టండి. ఏది ఎక్కువో పుస్తకంలో రాసుకోండి. మీ తోడువారి నాడి కూడా లెక్కపెట్టడం మరచిపోకండేం!