టైరు మీద తెల్ల అక్షరాలు - పెయింటు దండగా?

సైన్సు ఫేర్ దగ్గర పడింది. మన డార్మెటరీలో ఎక్కడ చూసినా చెప్పుల రబ్బరు ముక్కలే, అట్ట జీపులే. చక్రాల మీద తెల్లరంగుతో అక్షరాలు రాస్తుంటే 10వ తరగతి అన్నలు కొందరు "చిన్నపిల్లల ఆట, పెయింటు దండగ" అంటున్నారు. నేను ఒప్పుకోను. అయితే మిత్రులారా, రాసేవాళ్ళతో కూడా నాకు పేచీ ఉంది.

ఏం రాస్తున్నాం మనం? టీవీలో క్రికెట్ బ్యాటు మీద చూసిన ఎం.ఆర్.ఎఫ్. అనే పేరు. ఆటోకీ అదే, లారీకీ అదే. కొందరైతే ఉత్త గీతలు.

అసలు టైరు మీద ఉండేది పేరొక్కటే కాదు. జీపు టైరు పక్కన కూర్చుని చూడండి. 6.00-16 అని ఉంటే టైరు వెడల్పు సుమారు 6 అంగుళాలు, లోపలి ఇనుప చక్రం 16 అంగుళాలు. ఆటోకి 4.00-8, లారీకి 10.00-20. ఎవరి బండికి ఆ అంకెలే రాయాలి. చూడ్డానికొచ్చిన సార్లు అడిగితే చెప్పగలగాలి.

ఇంకో సంగతి. కోడిగుడ్డు ఆకారం గడిలో 4 అంకెలుంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైందని అర్థం. 2000 నుంచి ఇలా 4 అంకెలు వేస్తున్నారు. కొన్నింటికి లోపలి వైపే ఉంటాయి, వంగి చూడాలి. టైరు అరగకపోయినా ఏళ్ళు గడిస్తే రబ్బరు గట్టిపడి పగుళ్ళిస్తుంది. పండగ సెలవులకి 15 మందిమి వేలాడుతూ పాడేరు ఘాట్ ఎక్కుతాం కదా, ఆ జీపు టైరు ఏ ఏటిదో ఎవరైనా చూశారా? ఈసారి చూద్దాం. మరీ పాతదైతే డ్రైవరు మామని అడుగుదాం. తిడితే తిట్టనీ. ఒక్కో అంకె చేత్తో దిద్దినవాడికి ఆ గడి ఎక్కడుంటుందో ఒకరు చెప్పక్కర్లేదు.

రబ్బరుని ముందు సబ్బునీళ్ళతో కడిగి ఆరబెట్టండి, జిడ్డుంటే రంగు పట్టదు. చీపురుపుల్ల కొస సన్నగా చెక్కి, రంగులో ముంచి, కాగితం మీద ఒకసారి తుడిచి అప్పుడు రాయాలి. ఎక్కువ ముంచితే 6 కాస్తా 8 అయిపోతుంది! కొన్న బొమ్మకారు టైరుకి అక్షరాలు ఉబ్బెత్తుగా ఉంటే స్పాంజి ముక్కతో పైపైన అద్దితే చాలు. ఆ మెత్త ప్లాస్టిక్ టైర్లకి తలుపులకేసే ఆయిల్ పెయింటు వద్దు, చాలాసార్లు ఆరకుండా జిగురుగానే ఉండిపోతుంది.

వార్డెన్ సారుకి మనవి. గోడలకి వేయగా మిగిలిన, నీళ్ళలో కలిసే తెల్లరంగు డబ్బా స్టోరు రూములో ఎండిపోతోంది. శనివారం సాయంత్రం ఒక గంట ఇప్పించండి సార్. మూత గట్టిగా పెట్టి తిరిగి అప్పజెప్పే పూచీ మాది.

- 9వ తరగతి విద్యార్థి