మినహాయింపా? హక్కా?

మా హాస్టల్లో ఫైనలియర్ వింగ్‌లో రాత్రి పదకొండు దాటితే రెండే టాపిక్స్. ఒకటి ప్లేస్‌మెంట్స్, రెండోది వీసా స్లాట్స్. పోయిన నెల ఈ రెండో టాపిక్ మధ్యలో మా రూమ్మేట్ ఒక మాటన్నాడు. "మామా, మనం వాళ్లలా కాదు కదా! చదువుకుని, ఫీజు కట్టి, లీగల్‌గా వెళ్తాం. మన జోలికి ఎవడొస్తాడు?" అందరూ తలూపారు. నేనూ ఊపాను. పడుకున్నాక మాత్రం నిద్ర పట్టలేదు. "నేను వాళ్లలా కాదు" అని వందేళ్ల కిందటే మనవాడొకడు అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లి వాదించాడు. ఏమైందో చెప్తాను.

ఆయన పేరు భగత్ సింగ్ థింద్. పంజాబీ. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేశాడు. బయటినుంచి వచ్చినవాళ్లలో తెల్లవాళ్లకే పౌరసత్వం అని 1790లో చట్టం చేశారు. అంతర్యుద్ధం అయ్యాక, 1870లో, ఆఫ్రికా సంతతి వాళ్లని కూడా చేర్చారు. ఆసియా వాళ్లు గీతకి ఇవతలే. థింద్ ఆ గీత తప్పు అనలేదు. నేను గీతకి అటువైపు వాణ్నే అన్నాడు. ఆర్యుణ్ని, అగ్రకులం వాణ్ని, కాబట్టి కాకేసియన్ని అని వాదన.

అంతకు మూడు నెలల ముందే, 1922లో, ఒజావా అనే జపాన్ ఆయన కేసులో ఇదే కోర్టు "తెల్లవాడంటే కాకేసియన్" అని చెప్పి ఆయన్ని తిప్పి పంపింది. సరే, నేను కాకేసియన్నే అని థింద్ వస్తే, 1923లో ఇంకో మాట చెప్పింది. శాస్త్రం ఏమన్నా సరే, మామూలు మనిషి ఎవర్ని తెల్లవాడు అనుకుంటాడో వాడే తెల్లవాడట. తీర్పు ఏకగ్రీవం. రెండు తీర్పులూ రాసింది ఒకే జడ్జి, సదర్లాండ్. గీత అక్కడే ఉంది, దాని అర్థం మాత్రం ఎవరొస్తే వాళ్లని బయట ఉంచేలా మారింది. ఆ తీర్పు తర్వాత, అప్పటికే పౌరులైన భారతీయుల పౌరసత్వాలు కూడా ఊడబెరికారు.

ఇప్పుడు ఇంకో కేసు చూడండి. వాంగ్ కిమ్ ఆర్క్, శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టిన వంటవాడు. తల్లిదండ్రులు చైనా వాళ్లు. ఊరెళ్లి 1895లో తిరిగొస్తే ఓడ దిగనివ్వలేదు. ఆయన తరఫున వాదన సింపుల్: ఇక్కడ పుట్టాను, పద్నాలుగో సవరణ ప్రకారం పౌరుణ్ని. 1898లో కోర్టు 6-2తో ఒప్పుకుంది. చైనీయుల మీద ద్వేషం నడినెత్తికెక్కిన రోజులవి, అయినా గెలిచాడు.

రెండు కేసుల్లో లా పాయింటు ఒకటి కాదు, ఒప్పుకుంటాను. ఒకటి పుట్టుక గురించి, ఇంకోటి వలస వచ్చినవాళ్ల గురించి. నేను చెప్పేది వాళ్లు నిలబడ్డ నేల గురించి. థింద్ తనకో మినహాయింపు అడిగాడు. వాంగ్ అందరికీ ఉన్న హక్కు అడిగాడు. ఆ హక్కు ఎక్కడిది? నల్లవాళ్లు పౌరులే కాలేరన్న 1857 నాటి డ్రెడ్ స్కాట్ తీర్పుని కొట్టేయడానికి, బానిసత్వం నుంచి బయటపడ్డవాళ్ల కోసం 1868లో వచ్చిన సవరణ అది. వాళ్ల కోసం రాసిన వాక్యం ఒక చైనా వంటవాణ్ని కాపాడింది.

మన కథా అంతే. 1946 తర్వాత భారతదేశానికి అమెరికా ఇచ్చిన కోటా ఏడాదికి 100 మంది. మన ఒక్క బ్రాంచిలోనే అంతకన్నా ఎక్కువ మందిమి ఉన్నాం! 1965 మార్చి 7న అలబామాలోని సెల్మా వంతెన మీద, ఓటు హక్కు కోసం నడుస్తున్న నల్లవాళ్లని పోలీసులు లాఠీలతో చితకబాదారు. ఆగస్టు 6న ఓటు హక్కుల చట్టం వచ్చింది. అక్టోబర్ 3న, పుట్టిన దేశాన్ని బట్టి కోటాలు పెట్టే పద్ధతిని తీసేసే వలస చట్టం మీద అదే అధ్యక్షుడు జాన్సన్ సంతకం పెట్టాడు. ప్రచ్ఛన్న యుద్ధం లెక్కలూ ఉన్నాయి, హెచ్-1బి అయితే 1990 చట్టంతో వచ్చింది. కానీ ఇంట్లో రంగు చూడకూడదని చట్టం చేసుకున్న దేశం గుమ్మం దగ్గర మాత్రం చూస్తానంటే కుదరదు కదా. మనం వెళ్లే దారి ఎవరి దెబ్బల మీద పడిందో మన కన్సల్టెన్సీ వాళ్లు చెప్పరు.

2025 జనవరి 20న ట్రంప్ ఇచ్చిన ఉత్తర్వు గుర్తుందా? తల్లి స్టూడెంట్ వీసా మీదో వర్క్ వీసా మీదో ఉండి, తండ్రికి పౌరసత్వం గానీ గ్రీన్‌కార్డు గానీ లేకపోతే, అక్కడ పుట్టిన బిడ్డకి పౌరసత్వం ఇవ్వొద్దని. అంటే లీగల్‌గా వెళ్లిన "మనం" కూడా. మూడు రోజుల్లో సియాటిల్లో దాన్ని మొదట ఆపిన జడ్జిని నియమించింది రీగన్, అంటే రిపబ్లికన్ అధ్యక్షుడే. అక్కడ కన్సర్వేటివ్‌లందరూ మనకి శత్రువులూ కారు, లిబరల్స్ అందరూ చుట్టాలూ కారు. రాజ్యాంగంలో ఉన్న మాటని ఉన్నట్టు చదివేవాడు ఎవడన్నదే లెక్క.

ఇంకో మాట చెప్తే కొందరికి కోపం రావచ్చు. 2023లో అదే సియాటిల్ నగరం కుల వివక్షని నిషేధిస్తూ చట్టం చేసింది. అమెరికాలో ఒక నగరం అలా చేయడం అదే మొదలు. ఆ అవసరం ఎందుకొచ్చింది? మనం సూట్‌కేసులో పచ్చళ్లతో పాటు ఇంకేదో కూడా తీసుకెళ్తున్నాం కాబట్టి. రూమ్మేట్‌ని వెతుక్కునేటప్పుడు "మనోళ్లేనా?" అని అడిగే నోటితోనే, అక్కడ సమానత్వం కావాలని అడగడం నాకైతే సిగ్గనిపిస్తుంది. థింద్ "అగ్రకులం" అన్న మాటని కోర్టులో పైకి అన్నాడు. మనం గ్రూప్ చాట్‌లో అంటున్నాం. అంతే తేడా.

వెళ్లొద్దని అనట్లేదు. నేనూ అప్లై చేస్తున్నాను. యూనివర్సిటీ ర్యాంకింగ్స్ చదివినట్టే పద్నాలుగో సవరణని కూడా ఒకసారి చదువుకుని వెళ్దాం, మొదటి సెక్షన్ ఒక్క పేరా చాలు. అందులో "మంచి వలసదారు" అన్న మాట ఎక్కడా లేదు.

ఆ రాత్రి నేను తలూపకుండా ఉండాల్సింది. ఇది మా రూమ్మేట్‌కి నా ఆలస్యపు జవాబు.