డెంగీ పుట్టేది డ్రమ్ములో

వానలు పడ్డాక సాయంత్రం పూట మన వీధుల్లోకి పొగబండి వస్తుంది. అందరూ తలుపులు, కిటికీలు బిగించుకుంటారు. పొగ వీధిలోనే కమ్ముకుని వీధిలోనే చెదిరిపోతుంది. డెంగీ దోమ చాలావరకు ఆ మూసిన తలుపుల లోపలే, మంచం కిందో, దండెం మీద బట్టల చాటునో కూర్చుని ఉంటుంది. పొగకి చచ్చేది ఆ నిమిషాన బయట ఎగురుతున్న దోమే. గుడ్లనీ, నీళ్లలో పెరిగే పురుగుల్నీ అదేమీ చెయ్యదు. అయినా జనం కార్పొరేటర్ని అడిగేది పొగబండినే, ఆయన పంపేదీ దాన్నే. పని జరుగుతున్నట్టు కంటికి కనబడుతుంది కదా.

దోమ అనగానే మన చూపు మురుగుకాలువ మీదికి పోతుంది. మురుగులో పెరిగేది క్యూలెక్స్, బోదకాలు తెచ్చే దోమ. డెంగీ, చికున్‌గున్యా తెచ్చే ఈడిస్ ఈజిప్టైకి కావలసింది మనం వాడుకోవడానికి పట్టి పెట్టుకున్న తేట నీళ్లు. మూత సరిగా లేని నీళ్ల డ్రమ్ములోకి టార్చి వేసి చూడండి. తోక పైకి, తల కిందికి పెట్టి ఊపిరి పీల్చుకుంటున్న సన్నటి పురుగులు కనిపిస్తాయి. నీడ పడగానే మెలికలు తిరుగుతూ అడుక్కి దిగిపోయి, కాసేపటికి ఒక్కొక్కటే పైకి వస్తాయి. గుడ్లు అంత తేలిగ్గా కనబడవు. నీటిమట్టానికి కాస్త పైన, డ్రమ్ము లోపలి గోడకి నల్లటి నలుసుల్లా అతుక్కుని ఉంటాయి. నీళ్లు ఒంపేసినా ఊడవు. ఎండబెట్టినా నెలల తరబడి చావవు, మళ్లీ నీళ్లు తగిలాయంటే పొదుగుతాయి. అందుకే నీళ్లు పారబోస్తే సరిపోదు, పీచు పెట్టి గోడలు రుద్దాలి. మన వేడికి గుడ్డు దోమై ఎగరడానికి వారం పది రోజులు పడుతుంది. వారానికో డ్రైడే, అంటే పాత్రలన్నీ ఖాళీ చేసి ఆరబెట్టే రోజు, పాటించమనడం ఆ లెక్క మీదే.

ఈ దోమ మొదట ఆఫ్రికా అడవుల్లోది. చెట్టు తొర్రల్లో నిలిచిన వాన నీళ్లలో పుట్టి, జంతువుల్ని కుట్టి బతికేది. ఆ ఖండంలో ఎన్నోచోట్ల నుంచి వీటిని సేకరించి పరీక్షించిన శాస్త్రవేత్తలు 2020లో ఒక సంగతి బయటపెట్టారు. వానల్లేని కాలం ఎంత తీవ్రంగా ఉంటే, అక్కడి దోమ మనిషి వాసనకి అంతగా ఎగబడుతోంది. తొర్రలు ఎండిపోయిన నెలల్లో నీళ్లు మిగిలేది మనుషులు దాచుకున్న కుండల్లోనే కాబట్టి అని వాళ్ల వివరణ. డెంగీ వైరసు పూర్వరూపాలు కూడా అడవిలో కోతుల మధ్య తిరిగినవే.

మనుషులు నీళ్లు దాచుకోవడం ఇప్పటికీ తప్పలేదు. హైదరాబాదులో చాలా కాలనీలకి నల్లా వచ్చేది రోజు విడిచి రోజు. వేసవిలో ఇంకా ఎక్కువ రోజులు ఎదురుచూసే ఊళ్లున్నాయి. అందుకే బస్తీల్లో ఆడవాళ్లు డ్రమ్ములు, బిందెలు, తొట్లు, చివరికి పాత పెయింటు డబ్బాలు కూడా నింపి పెట్టుకుంటారు. డ్రైడే పేరుతో వాటిని వారానికోసారి బోర్లించమని చెప్పడం ఇంటి కింద సంపు ఉన్నవాళ్లకి తేలిక. ట్యాంకరు దగ్గర తోసుకుని నీళ్లు పట్టుకున్న ఇల్లాలు ఎలా ఒంపేస్తుంది? నీళ్లు రోజూ ఇవ్వని ప్రభుత్వానికి, డ్రమ్ములో పురుగులున్నాయని ఆమెకి నోటీసిచ్చే హక్కు లేదు. డెంగీ నివారణ పద్దులో మొదటి రూపాయి పైపులైనుకి వెళ్లాలి. అందాకా ప్రతి డ్రమ్ముకీ బిగుతైన మూత ఇవ్వొచ్చు, కనీసం మూతికి కట్టుకునే గుడ్డా, రబ్బరు పట్టీ అయినా ఇవ్వొచ్చు. పొగమందుతో పోలిస్తే అదేం పెద్ద ఖర్చు?

కలిగినవాళ్ల అపార్ట్‌మెంట్లలో నీళ్లు నిలిచే చోట్లు వేరు. లిఫ్టు గుంత, సెల్లారు, మూత పగిలిన ఓవర్‌హెడ్ ట్యాంకు, క్యూరింగు కోసం స్లాబు మీద కట్టిన నీళ్లు. ఇక్కడ ఈడిస్‌తో పాటు అనాఫిలిస్ స్టీఫెన్సై కూడా చేరుతుంది. మన పట్నాలకి మలేరియా తెచ్చేది ఇదే. 1897 ఆగస్టు 20న బేగంపేటలో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడని ఏటా గుర్తుచేసుకుంటాం. అనాఫిలిస్ దోమ అదే హైదరాబాదులో ట్యాంకుల్లో పెరుగుతుంటే ఆ గుర్తుచేసుకోవడం నాకు చాలనిపించదు. స్టీఫెన్సై 2012లో జిబూతీలో కనిపించింది, ఇప్పుడు ఆఫ్రికా నగరాలకి కొత్త బెడదైంది.

బొంబాయికి ఈ దోమతో పాత పరిచయం. 1911లో బెంట్లీ అనే వైద్యాధికారి అక్కడి మలేరియాకి మూలం ఇళ్లలోని బావులేనని తేల్చాడు. బావులు మూయించబోతే పవిత్రమైనవంటూ పార్సీలు అడ్డుపడ్డారు. గొడవలైనా ఊరు ఆ పాఠం వదులుకోలేదు. ట్యాంకుకి దోమ దూరని మూత, తనిఖీవాళ్లు ఎక్కడానికి నిచ్చెన ఉండాలని అక్కడి కార్పొరేషన్ ఇప్పటికీ అడుగుతుంది. మన దగ్గర ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ అనగానే సెట్‌బ్యాకు, పార్కింగు గుర్తొస్తాయి. ట్యాంకు మూతా, లిఫ్టు గుంతా కూడా ఆ సర్టిఫికెట్ ఇచ్చేముందు చేసే తనిఖీలో చేరాలి. కట్టడం సాగుతున్నన్నాళ్లూ సైటులోని నీళ్లకి బిల్డరే జవాబుదారీ కావాలి. మళ్లీ మళ్లీ పురుగులు కనిపిస్తే పని ఆపించాలి. ఆ నీళ్ల పక్కనే రేకుల షెడ్డుల్లో కూలీల పిల్లలుంటారు, దోమ ముందు కుట్టేది వాళ్లనే. కాబట్టి తనిఖీ నెలకోసారి అయితే కుదరదు, వారానికోసారి జరగాలి.