సర్టిఫికెట్‌తో సరిపెట్టొద్దు: ప్రతి దివ్యాంగునికీ ఒక సేవా ఫైలు, దానికో బాధ్యుడు కావాలి

వైకల్య నిర్ధారణ సర్టిఫికెట్ చేతిలో పెట్టగానే ప్రభుత్వం తన పని అయిపోయిందనుకుంటోంది. నిజానికి పని అక్కడ మొదలు కావాలి. స్లాట్ దొరకబుచ్చుకోవడం, క్యాంపుకు పోవడం, డాక్టర్లు శాతం తేల్చడం, 40 శాతమో ఆపైనో వస్తే పింఛనుకు దరఖాస్తు పెట్టడం... ఇంతవరకు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఒక దారంటూ ఉంది. ఆ తర్వాత ఆ మనిషికి ఏమేం అవసరమో, అందులో ఏది అందిందో, ఏది ఎవరి బల్ల మీద ఆగిపోయిందో ఒకచోట రాసి ఉంచే ఏర్పాటు లేదు. ఈ లోటు పూడ్చడానికి జిల్లా స్థాయిలో కొత్త సేవా ఫైలు విధానం తేవాలని ఈ కరపత్రం కోరుతోంది.

2011 జనాభా లెక్కల్లో దేశంలో 2.68 కోట్ల మంది, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 22.66 లక్షల మంది దివ్యాంగులుగా నమోదయ్యారు. అప్పటికి అమల్లో ఉన్న 1995 చట్టం గుర్తించినవి ఏడు వైకల్యాలే. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం వాటిని 21కి పెంచింది. కొత్తగా చేరినవాటిని చూడండి: ఆటిజం, తలసీమియా, సికిల్‌సెల్, పార్కిన్సన్స్, నిర్దిష్ట అభ్యసన వైకల్యాలు. వీటిలో ఏదీ ఒక్కసారి కొలిచి వదిలేసేది కాదు. తలసీమియా ఉన్న బిడ్డకు రక్తం మళ్లీ మళ్లీ ఎక్కించాలి. పాడేరు, ఆదిలాబాద్ ఏజెన్సీల్లో సికిల్‌సెల్‌తో బతికేవారికి మందు ఆగకూడదు. చట్టం మారింది గానీ మన ఆఫీసుల లెక్క ఇంకా శాతం దగ్గరే ఆగింది. ఒకే 60 శాతం వచ్చిన ఇద్దరిలో ఒకరికి మూడు చక్రాల బండి చాలు, ఇంకొకరికి రోజంతా పక్కన మనిషి ఉండాలి. ఆ తేడా సర్టిఫికెట్‌లో కనపడదు.

ఈ సేవలు ఎన్ని శాఖల్లో చెదిరి ఉన్నాయో గమనించండి. పరీక్ష చేసేది ప్రభుత్వాసుపత్రి. పింఛను చూసేది గ్రామీణాభివృద్ధి యంత్రాంగం. పసిపిల్లలకు ముందస్తు చికిత్స జిల్లా సత్వర చికిత్సా కేంద్రంలో, బడి పిల్లలకు సాయం సమగ్ర శిక్ష కింద నడిచే భవిత కేంద్రంలో. ఉపకరణాలకు దివ్యాంగుల సంక్షేమ శాఖ. లక్ష రూపాయల వరకు వైద్య ఖర్చు భరించే నిరామయ బీమా నేషనల్ ట్రస్ట్‌ది. ప్రతి గుమ్మం దగ్గరా మళ్లీ అవే జిరాక్సులు, మళ్లీ అదే కథ చెప్పుకోవడం. ఒక శాఖకు తెలిసిన సంగతి పక్క శాఖకు తెలియదు. ఈ దారాలన్నీ కలిపి పట్టుకునే పని చివరికి తల్లి మీద పడుతుంది. ఆమె కూలి మానుకుని తిరగగలిగినంత వరకే బిడ్డకు హక్కులు అందుతాయి.

అన్నిటికన్నా పెద్ద అన్యాయం పద్దెనిమిదో ఏట జరుగుతోంది. బాల స్వాస్థ్య కార్యక్రమం వైద్య పరీక్షలు పద్దెనిమిదేళ్ల వరకే. 2016 చట్టంలోని 31వ సెక్షన్ ఇచ్చే ఉచిత విద్య హక్కు కూడా ఆరు నుంచి పద్దెనిమిదేళ్ల దాకే. ఆటిజం, సెరెబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారి విషయంలో ఇంకో చిక్కు ఉంది. పద్దెనిమిది నిండాక కన్నవాళ్లయినా చట్టం దృష్టిలో తమంతట తామే సంరక్షకులు కారు. సంరక్షకత్వం అవసరమైతే 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద జిల్లా కలెక్టర్ ఉండే స్థానిక స్థాయి కమిటీకి దరఖాస్తు పెట్టుకోవాలి. ఈ మాట ఎంతమంది తల్లిదండ్రులకు ముందుగా చెబుతున్నారు? బ్యాంకు ఖాతా దగ్గరో ఆస్తి పత్రం దగ్గరో పని ఆగినప్పుడు తెలుస్తుంది. పుట్టిన తేదీ ప్రభుత్వం దగ్గర ఉంది, వైకల్యం వివరం ఉంది, చిరునామా ఉంది. రెండేళ్లు ముందే ఆ ఇంటికి ఒక మనిషి వెళ్లి, చదువు తర్వాత ఏం చేద్దాం, ఏ శిక్షణ ఇప్పిద్దాం అని కూర్చుని మాట్లాడటానికి కావలసిన సమాచారమంతా ఉంది. వెళ్లాల్సిన మనిషెవరో ఎవరూ నిర్ణయించలేదు. అంతే లోపం.

అందుకే మేం అడిగేది ఇది. సర్టిఫికెట్ జారీ అయిన రోజే ఆ మనిషి పేర కంప్యూటర్‌లో ఒక సేవా ఫైలు తెరవాలి. దానికి పేరు, ఫోను నంబరుతో సహా ఒక బాధ్యుణ్ణి నియమించాలి. ఆ బాధ్యుడు ఇంటికి వెళ్లి, దివ్యాంగునితో స్వయంగా మాట్లాడి, అవసరాలను గడువులతో రాయాలి. గడువు దాటితే విషయం దానంతటదే పై అధికారికి చేరాలి. ఆ కుటుంబం తమ ఫైలును తెలుగులో చదువుకోగలగాలి. చూపు లేనివారు ఫోనులో వినగలగాలి, వినికిడి లేనివారికి సంజ్ఞా భాషలో చెప్పేవారుండాలి. పాలమూరు నుంచి హైదరాబాదుకు వలస పోయినా ఫైలు వారి వెంట పోవాలి. ఆ మనిషి ఒప్పుకోకుండా ‘పరిష్కరించబడినది’ అని ఎవరూ మూసేయకూడదు.

యూడీఐడీ (దివ్యాంగుల విశిష్ట గుర్తింపు) కార్డు ఉందిగా, మళ్లీ ఇంకో సాఫ్ట్‌వేర్ ఎందుకని అడిగేవారున్నారు. ఆ కార్డు మనిషెవరో చెబుతుంది, ఆ మనిషికి ఏం జరిగిందో చెప్పదు. కొత్త నంబరు అక్కర్లేదు, యూడీఐడీ నంబరు మీదే ఫైలు కట్టొచ్చు. సాఫ్ట్‌వేర్ ఒక్కటే పని చేసిపెట్టదన్న మాట మాత్రం నిజం. ఆస్ట్రేలియాలో దివ్యాంగుల బీమా పథకానికి కొత్త కంప్యూటర్ వ్యవస్థను 2022 నవంబరులో టాస్మేనియాలో పరీక్షించి, 2023 అక్టోబరు చివరి నుంచి దేశమంతా విస్తరించారు. అంత సంపన్న దేశంలో, అంత పరీక్షించాక కూడా చెల్లింపులు ఆలస్యమవుతున్నాయని సేవాసంస్థలు మొరపెట్టుకున్నాయి. కాబట్టి మనం ఒక జిల్లాలో కొన్ని మండలాలతో మొదలుపెట్టి, ఏడాది పాటు దివ్యాంగుల సంఘాల చేత తనిఖీ చేయించి, ఆ తర్వాతే విస్తరించాలి.

పింఛను పోతుందేమోనన్న భయం ఇంకా బలమైన అభ్యంతరం, న్యాయమైనది కూడా. ఆంధ్రప్రదేశ్‌లో నెలకు 6,000, తెలంగాణలో 4,016 రూపాయల దివ్యాంగ పింఛను ఎన్నో ఇళ్లకు ఆధారం. 2025లో ఆంధ్రప్రదేశ్‌లో పింఛన్ల పునఃపరిశీలన జరిగినప్పుడు ఆ ఇళ్లలో ఎంత ఆందోళన రేగిందో అందరం చూశాం. ఫిజియోథెరపీతో నాలుగు అడుగులు వేయగలుగుతున్నాడని ఫైలులో రాస్తే, దాన్నే చూపించి పింఛను తీసేస్తారంటే ఏ కుటుంబమూ నిజం చెప్పదు. సేవా ఫైలులోని వివరాలను పింఛను రద్దుకు వాడకూడదని జీవోలోనే స్పష్టంగా రాయాలి. మానసిక అనారోగ్యం వంటి వివరాలు బాధ్యునికీ వైద్యునికీ తప్ప ఇతరులకు కనపడకూడదు. ఎవరు ఎప్పుడు ఫైలు తెరిచారో నమోదు కావాలి. ఈ రక్షణలు లేకపోతే ఈ విధానం వద్దనే మేమూ అంటాం.

ఇక సిబ్బంది సంగతి. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నుంచి గ్రామ సచివాలయాల్లో సంక్షేమ, విద్యా సహాయకులు ఉన్నారు. శిక్షణ ఇచ్చి, ఇతర పనుల బరువు తగ్గిస్తే వారే బాధ్యులు కాగలరు. తెలంగాణలో మండలానికి కనీసం ఒకరిని కొత్తగా తీసుకోవాలి. ఖర్చవుతుంది, ఆ ఖర్చు పెట్టాల్సిందే. చట్టం దన్ను ఇప్పటికే ఉంది: ప్రతి ప్రభుత్వ కార్యాలయంలో ఫిర్యాదుల అధికారి ఉండాలని, ఉద్యోగంలో వివక్షపై ఫిర్యాదు వస్తే రెండు వారాల్లో విచారణ జరపాలని 2016 చట్టంలోని 23వ సెక్షన్ చెబుతోంది. దివ్యాంగుల కోసం జిల్లా స్థాయి కమిటీ వేయాలని 72వ సెక్షన్ చెబుతోంది.

దివ్యాంగ సోదర సోదరీమణులారా, తల్లిదండ్రులారా, ఉపాధ్యాయులారా! వచ్చే గ్రామసభలో ఈ డిమాండు మీద తీర్మానం చేయించండి. సోమవారం కలెక్టరేట్‌లో తెలంగాణలోనైతే ప్రజావాణిలో, ఆంధ్రప్రదేశ్‌లోనైతే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ పెట్టండి, రసీదు తీసుకోండి. మీ జిల్లా కమిటీ ఎప్పుడు సమావేశమైందో రాతపూర్వకంగా అడగండి. మొదటి సేవా ఫైలు మీ మండలంలోనే తెరవాలని పట్టుబట్టండి.