బీరువాలో ఉన్న కెమెరా

పోయినసారి గోడ పత్రికలో అందరూ పండగల మీద రాశారు. నేను కెమెరాల మీద రాస్తానంటే మా బెంచీ వాళ్ళు నవ్వారు. "నీకు కెమెరా ఎక్కడిదే?" అన్నారు. లేదు. లేదు కాబట్టే రాస్తున్నాను. తప్పులుంటే క్షమించండి.

సైన్సు రూములో బీరువా పై అరలో ఒక చిన్న కెమెరా ఉంది. ఈ సంగతి చాలామందికి తెలీదు. కొన్నేళ్ళ కిందట ఎవరో దాత ఇచ్చారట. ఇప్పుడు పని చెయ్యదు, బ్యాటరీ ఉబ్బిపోయింది. సార్ విశాఖపట్నం వెళ్ళినప్పుడు ఒక షాపులో అడిగితే, ఆ మోడలు ఆగిపోయింది, ఆ బ్యాటరీలు రావట్లేదు, కొత్త కెమెరా కొనుక్కోండి అన్నారట. ఒక్క బ్యాటరీ కోసం మొత్తం కెమెరా పారెయ్యాలా? ఇదేం న్యాయం?

అది అద్దం లేని కెమెరా. అంటే ఏటో చెప్తాను. ఎనిమిదో తరగతిలో కాంతి పరావర్తనం చదివాం కదా. పాతకాలం పెద్ద కెమెరాలో ఒక అద్దం ఏటవాలుగా ఉంటుంది. కటకంలోంచి వచ్చిన వెలుతురు దాని మీద పడి పైకి పోయి, అక్కడ పట్టకంలో తిరిగి మన కంటికి చేరుతుంది. బటన్ నొక్కగానే అద్దం టప్పున పైకి లేస్తుంది, అప్పుడు వెలుతురు వెనకున్న సెన్సారు మీద పడుతుంది. ఆ అద్దాన్నీ పట్టకాన్నీ తీసేస్తే సెన్సారు చూసిందే మనకి తెర మీద కనబడుతుంది. కెమెరా పలచబడిపోతుంది. 2008లో పానాసోనిక్ వాళ్ళు జి1 అని, అద్దం లేకుండా కటకాలు మార్చుకునే కెమెరా తెచ్చారు. 2013లో జిఎం1 అని ఇంకా చిన్నది చేశారు. బ్యాటరీతో కలిపి 200 గ్రాముల చిల్లర. మనం వాడే బట్టల సబ్బు బిళ్ళంత!

అంత మంచి వస్తువు ఎందుకు ఆగిపోయిందంటే ఫోన్ల వల్ల. జపాను కెమెరా కంపెనీల సంఘం లెక్క ప్రకారం 2010లో ప్రపంచం మొత్తానికి 12 కోట్ల పైన డిజిటల్ కెమెరాలు పంపించారు. 2023లో సుమారు 77 లక్షలే. నికాన్ వాళ్ళు 2011లో మొదలెట్టిన చిన్న కెమెరాల వరసని 2018లో ఆపేశారు. 1936 నుంచి కెమెరాలు చేసిన ఒలింపస్ 2021లో ఆ విభాగాన్ని వేరేవాళ్ళకి ఇచ్చీసింది. మిగిలిన కంపెనీలు ఏం చేశాయి? తక్కువ చేసి, ఎక్కువ ధరకి అమ్ముతున్నాయి. 2024లో ఫ్యూజీఫిల్మ్ వాళ్ళ ఎక్స్100 ఆరో రకం వచ్చినప్పుడు డబ్బులు పట్టుకుని జనం నెలల తరబడి ఎదురుచూశారు. దాని ధర మన రూపాయల్లో లక్షన్నర పైన. చిన్న కెమెరా చచ్చిపోలేదు గానీ డబ్బున్నోళ్ళ ఇంటికి వెళ్ళిపోయింది.

"అందరి దగ్గరా ఫోన్లున్నాయి కదా, కెమెరా ఎందుకు?" అంటారు. అందరి దగ్గరా అంటే ఎవరి దగ్గర? మన హాస్టల్లో ఫోను పెట్టుకోకూడదు. ఆ రూలు తప్పని నేను అనట్లేదు, మేడమ్ గారూ. ఫోనొస్తే చదువు పోతుందని నాకూ తెలుసు. కానీ కెమెరాలో ఫోటో తప్ప ఇంకేం ఉండదు.

అరకులో మా ఊరి వాళ్ళు థింసా ఆడితే టూరిస్టులు ఎంతమంది తీస్తారో! మా అమ్మ కట్టెల మోపుతో వస్తుంటే కారాపి తీశారు, ఒక్క మాట అడగలేదు. ఆ ఫోటోలు ఎక్కడున్నాయో మాకు తెలీదు. మనల్ని తీసినోళ్ళు బోల్డుమంది, మనం తీసింది ఒక్కటీ లేదు. మా నాయనమ్మ పోయినప్పుడు ఇంట్లో ఒక్క ఫోటో లేదు. ఉన్నవన్నీ చిన్నాన్న ఫోనులో ఉండేవి, ఆ ఫోను గెడ్డలో పడిపోయింది. ఆధార్ కార్డు తీసుకెళ్ళి జిరాక్సు షాపులో పెద్దది చేయించారు. కళ్ళు రెండూ నల్ల మచ్చల్లా వచ్చాయి. నాయనమ్మలా లేదని మా తమ్ముడు ఏడ్చాడు. కెమెరా గెడ్డలో పడినా అంతే కదా అని మీరనొచ్చు. నిజమే. కానీ హాస్టలు కెమెరా గెడ్డ దాకా వెళ్ళదు, బీరువాలో ఉంటుంది.

కంపెనీలకి నష్టం వస్తే మానేసుకోవచ్చు, ఎవరూ బలవంతం చెయ్యరు. కానీ ఒక్కో మోడలుకి ఒక్కో రకం బ్యాటరీ పెట్టి, తర్వాత అది చెయ్యడం ఆపేస్తే కొన్నవాళ్ళ గతేటి? పూర్వం కానన్ పవర్‌షాట్ ఎ రకాల్లో చాలావాటికి పెన్సిల్ సెల్లు వేసేవారు. పెన్సిల్ సెల్లు మన సంతలో కూడా దొరుకుతాయి! యూరోపియన్ యూనియన్ దేశాల్లో 2024 డిసెంబరు నుంచి అమ్మే కొత్త ఫోన్లకీ కెమెరాలకీ ఒకే రకం ఛార్జింగ్ పిన్ను ఉండాలని చట్టం పెట్టారు. పిన్నుకి కుదిరింది బ్యాటరీకి ఎందుకు కుదరదు?

వేరే కంపెనీ చేసిన బ్యాటరీ ఏదైనా దానికి సరిపోతుందేమో చూస్తానని సార్ అన్నారు. దొరికితే తలా పది రూపాయలు వేసుకోవడానికి తొమ్మిదో తరగతి వాళ్ళం రెడీ. తాళం మేడమ్ గారి దగ్గరే ఉంచండి, ఆదివారం ఒక్క గంట ఇవ్వండి చాలు. పదో తరగతి అక్కలు పరీక్షలవగానే వెళ్ళిపోతారు, ఆలోపు అవ్వాలి. వంటమ్మని కూడా అడిగాను. పొయ్యి దగ్గర వద్దంట, పండక్కి కొన్న చీర కట్టుకొని మామిడిచెట్టు కింద నిలబడతానంది.