రేడియో మన ఊరి వానను కూడా చెప్పాలి

రేడియోలో పర్యావరణ కార్యక్రమం అనగానే మీకు ఏమి గుర్తుకు వస్తుంది? జూన్ 5వ తేదీన ఒక ప్రసంగం, చెట్లు నాటమని ఒక పాట. అవి మంచివే. కాని మరునాటికి వాటిలో మనకు గుర్తుండేది ఎంత? స్థానిక రేడియో కేంద్రాలు పర్యావరణానికి చోటు ఇవ్వటం సంతోషించవలసిన విషయమే. అయితే ఆ చోటును ఎక్కడో కరుగుతున్న మంచుకొండల కబుర్లతోనే నింపితే చాలదు. మన చెరువుతో, మన చేనుతో మొదలుపెట్టాలని నా అభిప్రాయం.

దీనికి మంచి ఉదాహరణ తెలంగాణలోనే వుంది. జహీరాబాదు ప్రాంతంలోని మాచునూర్ గ్రామంలో 2008 అక్టోబరు 15న 'సంఘం రేడియో' ప్రారంభమైంది. రేడియో తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు చెప్పినా, స్వచ్ఛంద సంస్థలు రేడియో పెట్టుకొనే అవకాశం 2006లో గాని రాలేదు. అంతవరకు దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు తమ కార్యక్రమాలను టేపుల మీద రికార్డు చేసి, సమావేశాల్లో వినిపించేవారు. వారు పేద దళిత రైతులు. పచ్చజొన్న, కొర్ర, సామ ఏ నేలలో పండుతాయి, బూడిద, వేపాకు వేసి విత్తనాన్ని పురుగు పట్టకుండా ఎలా దాచాలి అనే సంగతులను తమ యాసలోనే చెప్పారు. ఇంతకన్నా పర్యావరణ పాఠం ఏముంటుంది?

ఈ కేంద్రం 90.4 మెగాహెర్ట్జ్ మీద పనిచేస్తుంది. అంటే తరంగం పొడవు సుమారు 3.3 మీటర్లు. ఇలాంటి తరంగాలు దాదాపు సరళరేఖలో పోతాయి. భూమి వంపును దాటి ఎక్కువ దూరం పోలేవు. నిబంధనల ప్రకారం ఏరియల్ స్తంభం 30 మీటర్లకు మించరాదు. అందువల్ల ప్రసారం 20, 25 కిలోమీటర్ల లోపలే వినిపిస్తుంది. కొందరు దీన్ని లోపం అంటారు. నేను మాత్రం ఇదే దాని బలం అంటాను. చెరువు నిండిందని రేడియో చెబితే, విన్నవాడు వెళ్ళి చూసుకోవచ్చు. సరిచూసుకోగల మాటే కదా విజ్ఞానానికి పునాది!

"చిన్న కేంద్రానికి శాస్త్రజ్ఞులు, పరికరాలు ఎక్కడివి?" అని మీరు అడగవచ్చు. మన బడులు లేవా? నిటారు గోడలున్న ఒక డబ్బాను చెట్లకు, గోడలకు దూరంగా ఆరుబయట పెట్టండి. రోజూ ఉదయం 8.30కు అందులోని నీటి లోతును స్కేలుతో కొలిచి రాయండి. 10 మిల్లీమీటర్ల వాన పడితే ఎకరం నేల మీద సుమారు 40 వేల లీటర్ల నీరు పడినట్లే. ఒక ఊళ్ళో ఇంత పడినరోజు పక్క ఊళ్ళో చినుకు కూడా పడకపోవచ్చు. విత్తాలా, ఆగాలా అని ఆలోచించే రైతుకు తన ఊరి లెక్కే కావాలి. తొందరపడి విత్తితే విత్తనం మట్టిపాలవుతుంది. అందుకే ఆ అంకె తప్పకూడదు. కొలవని రోజున కొలవలేదనే చెప్పాలి గాని, ఊహించి చెప్పరాదు.

సామాజిక రేడియోలు సొంతంగా వార్తలు ప్రసారం చేయకూడదు. కాని వాతావరణం, నీటి సరఫరా, ప్రకృతి వైపరీత్యాల సమాచారం చెప్పటానికి అనుమతి వున్నది. మీ ప్రాంతంలో అటువంటి కేంద్రం వుంటే, నెలరోజుల లెక్క తీసుకొని ఉపాధ్యాయునితో కలిసి వెళ్ళండి. లేకపోతే బడి గోడమీద నల్లబల్ల వున్నది. అంకెలు ముందు అక్కడ రాయండి.